అద్దానికి వీపు పెట్టి నిలబడ్డ రోజు

ఆ రోజుల్లో డిగ్రీ చేతికొచ్చిందంటే లోకంలో ఇక నేర్చుకోవాల్సిందేమీ మిగల్లేదనిపించేది. నాకైతే మరీను. బీఎస్సీ ఫిజిక్స్, అందులోనూ ఫస్ట్ క్లాసు (ఈ సంగతి మా పాలావిడకు కూడా రెండుసార్లు చెప్పాను). ఆ గర్వంతోనే అబిడ్స్‌లో ఒక కళ్లజోళ్ల దుకాణంలో చేరాను. యజమానిని అందరూ చష్మా కాకా అనేవారు. నెలరోజులు చూసి, పనికొస్తాననుకుంటేనే ఉంచుకుంటానన్నారు. అప్పటిదాకా ఫ్రేములు తుడవడమే నా పని.

ఐదో రోజే నా పంట పండింది. చుట్టాలను రైలెక్కించడానికి నాంపల్లి స్టేషన్‌కు బయల్దేరుతూ కాకా, "ఎవరన్నొస్తే కూసోబెట్టు, గంటల వస్త. ఏం ముట్టకు" అన్నారు. ఆయన వీధి మలుపు తిరిగారో లేదో, ఆయన తెల్లకోటు తొడుక్కుని పరీక్ష గదిలోకి దూరాను. పదడుగుల ఇరుకు గది. కుర్చీ వెనక గోడ మీద, కూర్చున్నవాళ్ల తలకు పైన అక్షరాల అట్ట. ఎదుటి గోడకు పెద్ద అద్దం. అట్ట చూసి అదిరిపోయాను. అక్షరాలన్నీ కుడి ఎడమలు తిరగబడి అచ్చయ్యాయి! ఇన్నేళ్లుగా ఒక్కరి కంటా పడలేదా? అల్మారా అంతా గాలిస్తే సరిగ్గా అచ్చయిన అట్ట ఒకటి దొరికింది. దాన్ని తగిలించి, పాతదాన్ని మూలకు నెట్టి, దుకాణం పరువు నిలబెట్టానని మురిసిపోయాను.

అంతలో నాంపల్లిలో ఏదో ఆఫీసులో టైపిస్టుగా పనిచేసే ఆంటీ ఒకావిడ వచ్చింది. కూర్చోబెట్టమన్నారు కదా, పరీక్ష కుర్చీలోనే కూర్చోబెట్టాను. కాకా రోజూ అనే మాటే అప్పజెప్పాను: "ఎదురుగా అద్దంలో చూసి చదవండి ఆంటీ." (ఆ అద్దమెందుకో నేను ఆలోచించలేదు. మెడ తిప్పే శ్రమ తగ్గించడానికేమో అనుకున్నాను.) ఆవిడ కళ్లకు అద్దాలు మార్చే ఫ్రేము తగిలించి, నేను అద్దానికి వీపు పెట్టి, అట్ట వైపు చూస్తూ ఠీవిగా నిలబడ్డాను.

"బిడ్డా, అక్షరాలు ఉల్టా కనబడుతున్నయి."

అద్దాలు మార్చాను. "ఇప్పుడు?"

"ఇంకా సాఫ్‌గా ఉల్టా కనబడుతున్నయి."

ఎనిమిది జతల అద్దాలు మార్చాను. చివరికి గంభీరంగా, "ఇది నరాలకు సంబంధించింది కావచ్చు ఆంటీ" అన్నాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. "దవాఖానకు పోవాల్నా? ఇంకా పదేండ్ల నౌకరీ ఉన్నది బిడ్డా. కండ్లు పోతే నాకింకేం పని వస్తది?" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. అప్పుడు నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరం చేతులు పట్టుకుని ఏడుస్తుండగా కాకా లోపలికొచ్చారు. అట్టను చూశారు, అద్దాన్ని చూశారు, నన్ను చూశారు.

"అమ్మా, ఉల్టా అయింది నీ కండ్లు గావు, ఈ పోరి దిమాగ్!"

పాత అట్ట మళ్లీ తగిలించి, నావైపు తిరిగారు. "చూపుకు ఇరవై అడుగులు గావాలె, గది పదే ఉన్నది. అందుకే అద్దం, దూరం రెండింతలైతది. అద్దంల సీదా కనబడాలంటే అట్ట మీద ఉల్టానే ఉండాలె. ఫిజిక్స్‌ల గిది చెప్పలేదా?"

చెప్పారు. పార్శ్వ విలోమం. పరీక్షలో పటం గీసి మరీ రాశాను.

ఆంటీ మాత్రం ఆగకుండా చదివేస్తోంది. ఆఖరి వరుస దాటి, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివేసింది! కాకా "రేపటి నుంచి రాకు" అని మొదలుపెట్టేసరికి ఆవిడే అడ్డుపడింది: "ఉండనియ్యి కాకా. నా కండ్లు బాగున్నయని ఇంత సంబురం నాకెన్నడు కాలే."

అలా నా ఉద్యోగం నిలబడింది. పదకొండేళ్లు చేశాను.

మొన్న నాకే చదువుకోవడానికి జోడు కావాల్సొచ్చి, నాంపల్లిలో మెట్రో దిగి ఆ పాత దుకాణానికి నడిచాను. ఇప్పుడు దుకాణం కాకా కోడలు చూసుకుంటోంది. అదే గది, అదే అద్దం. అక్షరాలన్నీ గడగడా చదివాను. అద్దంలో వాటి కింద కూర్చున్న నెరిసిన జుట్టావిడను పోల్చుకోవడానికే కాస్త టైం పట్టింది. నేను నవ్వితే ఆవిడా నవ్వింది.