హిద్ యార్డులో నా దొంగ తుమ్ములు

రెండువేల అయిదు, మే నెల. పొద్దున అయిదున్నరకు క్యాంపు బస్సు మమ్మల్ని గల్ఫులో, హిద్ ఓడల మరమ్మతు యార్డు గేటు ముందు దింపింది. అప్పటికే చొక్కా వీపుకు అంటుకుపోయింది. పదిహేడేళ్లు పట్టాళంలో చేసి హవల్దారుగా దిగినవాణ్ణి. మంచుకొండల్లో సరిహద్దుకు కాపలా కాశాను. ఇక్కడ కాపలా ఒక రంధ్రానికి.

ఓడ అడుగున ఇనుప ట్యాంకులుంటాయి. పైన మనిషి పట్టేంత మూత, కింద నిచ్చెన. లోపల పని జరుగుతున్నంతసేపూ నేను మూత దగ్గర ఉండాలి. ఆరు నుంచి ఆరు. సామాను: వాకీటాకీ, టార్చి, గ్యాసు మీటరు, లోపలికి దిగినవాళ్ల బిళ్లలు తగిలించే చెక్క. ఆర్డర్లు రెండు. మీటరుతో చూసి అరగంట దాటితే మళ్లీ చూడాలి. ఏం జరిగినా నేను మాత్రం దిగకూడదు.

ఫిట్టరుది నిర్మల్ వైపు. వెల్డరుది కాకినాడ, దిగేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు. ఫోర్‌మన్‌కు యల్లా, అంటే పదండి పదండి, తప్ప వేరే మంత్రం రాదు.

మూడో వారం ఒకరోజు మీటరు చూశాను, బాగుంది. పైపులు రావడం ఆలస్యమై ఇరవై అయిదు నిమిషాలు గడిచాయి. ఫిట్టరు నిచ్చెన మీద కాలు పెట్టబోతుంటే వెల్డరు తుమ్మాడు. ఒంటి తుమ్ము. ఫిట్టరు వెనక్కి వచ్చి కూర్చుని నీళ్లు తాగాడు.

"తుమ్ము తమ్ముడై చెప్తదంటరు సారూ. జరసేపు కూసుందాం."

నాకు ఒళ్లు మండింది. పట్టాళంలో తుమ్ములు చూసుకుంటే ఏ కొండా ఎక్కేవాళ్లం కాదు. అరిచినా వాడు కదల్లేదు. ఈలోపు అరగంట దాటింది. ఆర్డరు ప్రకారం మీటరును తాడుతో కిందికి వదిలాను. కుయ్‌మని మోగింది. పక్క ట్యాంకు నుంచి గ్యాసు ఊరుతోంది.

"జూసినవా సారూ!" అన్నాడు ఫిట్టరు.

"ప్రభువే ఆపేడండీ," అన్నాడు వెల్డరు.

ఆర్డరు కాపాడిందన్నాను నేను. కానీ తుమ్ము లేకపోతే ఇరవై ఆరో నిమిషానికే వాళ్లు లోపలుండేవాళ్లు. ఆర్డరు తప్పకుండానే చచ్చేవాళ్లు. ఆ రోజు మొదలైన తికమక ఇంకా తీరలేదు.

తర్వాత ఎన్నోసార్లు అరగంట దాటేది. మీటరు పెడతానంటే ఫోర్‌మన్ "టైం నహీ, యల్లా" అనేవాడు. అప్పుడు నేను తుమ్మేవాణ్ణి. దొంగ తుమ్ము. ఫిట్టరు కూర్చునేవాడు, నేను మీటరు దింపేవాణ్ణి. రెండుసార్లు మోగింది కూడా. నా మాట వినని జట్టు నా ముక్కు మాట వింటోందని మురిసిపోయాను. తుమ్మితే ఊడే ముక్కు ఎన్నాళ్లుంటుందని మా అమ్మ అనేది. అది గుర్తు రాలేదు.

మరుసటి మార్చి. దుమ్ముగాలి. పగలు రెండూ నలభై. వెల్డరు ఒక్కడే లోపల. వాకీటాకీలో పిలిచాను, జవాబు లేదు. టార్చి వేశాను. నిచ్చెన పక్కన బోర్లా పడి ఉన్నాడు.

"రెండో ట్యాంకు. మనిషి పడిపోయిండు," అని వాకీటాకీలో యార్డు రక్షణ దళానికి చెప్పాను.

"వస్తున్నాం. అయిదు నిమిషాలు."

అయిదు నిమిషాలు చాలా ఎక్కువ. ఫిట్టరు గాలి సిలిండరు వీపుకు కట్టుకుని, మాస్కు బిగించి, తాడు పట్టుకుని నిచ్చెన మీద కాలు పెట్టాడు. అప్పుడు దుమ్ము నా ముక్కులోకి పోయింది. తుమ్మాను. నిజం తుమ్ము. ఒక్కటే.

వాడి కాలు ఆగిపోయింది.

రెండు తుమ్ములైతే దోషం లేదంటారు. రెండోది తుమ్మబోయాను. పది నెలలు అడిగినప్పుడల్లా వచ్చిన దొంగ తుమ్ము ఆ రోజు రాలేదు.

"దొంగ తుమ్ము తమ్మీ! ఇన్నొద్దులు నేను తుమ్మినయన్నీ దొంగయే! దిగు!"

మాస్కు అద్దంలోంచి నా వంక చూశాడు. దిగాడు. తాడు కట్టాడు, లాగాం. వెల్డరు బతికాడు.

ఆ తర్వాత ఫిట్టరు ఏ తుమ్ముకూ ఆగలేదు. ఫోర్‌మన్ యల్లా అంటే అందరికంటే ముందు దిగేవాడు. నేను ఆగమంటే "గిది సుత దొంగదేనా సారూ?" అనేవాడు. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. చివరికి మూతకు అడ్డంగా నిలబడ్డాను. మీటరు పెట్టందే ఎవర్నీ దిగనివ్వనన్నాను. మొదటి రోజే చేయాల్సిన పని. ఫోర్‌మన్ పైవాళ్లకు ఫిర్యాదు చేశాడు, నా కాంట్రాక్టు ఖలాస్ అన్నారు.

జూన్‌లో బయల్దేరిన రోజు ఫిట్టరు నా పెట్టె బస్సు దాకా మోశాడు.

"సారూ, ఆ దినం తుమ్మింది నిజంగ దొంగదేనా?"

"దొంగదే," అన్నాను. నిజం చెబితే రేపెప్పుడో వాడి కాలు మళ్లీ ఆగుతుందని భయం. చెప్పకపోతే ఎన్నడూ ఆగదని భయం. ఏది మేలో నాకు తెలియలేదు.

ఇంటి దగ్గర నేను గడప దాటుతుంటే ఎవరైనా తుమ్మితే నా భార్య కూర్చోమంటుంది. కూర్చుని నీళ్లు తాగుతాను. నమ్మి తాగుతున్నానో, ఆమె కోసం తాగుతున్నానో చెప్పలేను. కళ్ల ముందు మాత్రం నిచ్చెన మొదటి మెట్టు మీద ఆగిన బూటు, కింద టార్చి వెలుగులో వెల్డరు చెయ్యి. ఆ బూటు ఎన్ని క్షణాలు ఆగిందని అడక్కండి. గంటా నిమిషం రాసుకునే అలవాటున్నవాణ్ణి, అదొక్కటే రాసుకోలేదు.