గోవిందన్ తోక వెంట్రుక

పరంగోడన్ అన్న దగ్గర నేను ఇరవై రెండేళ్లు తిట్లు తింటూ బతికాను. ఆయన మొదటి మావటి, నేను రెండోవాణ్ణి. ఏనుగు మెడ మీద ఆయన, తోక దగ్గర నేను. తోక దగ్గర ఉండేవాడికి లాభం ఒకటే, వెంట్రుకలు. ఏనుగు వెంట్రుకను ఉంగరంలో చుట్టించి పెట్టుకుంటే భయం పోతుందని జనం ఎగబడి కొంటారు. నేను చాటుగా పీకి అమ్మేవాణ్ణి. అన్న కంటపడితే ఇక చూడాలి.

"ఒరే చామీ, నీ మీసాలు పీకి అమ్ముకోరా, ఎవడు కొంటాడో చూద్దాం!" అనేవాడు. నావి పలుచటి మీసాలు. ఊరంతా వినేలా అనేవాడు.

మనిషి పొట్టి, నోరు చెడ్డది, కుడి మోకాలు వంగదు. పెళ్లాం లేదు, పిల్లలు లేరు. ఉన్నది గోవిందన్ ఒక్కడే, పదడుగుల ఎత్తు, దంతాలున్న ఏనుగు. రోజూ వాణ్ణి నిళ నదిలో పక్కకు పడుకోబెట్టి కొబ్బరి డొక్కతో రెండు గంటలు రుద్దేవాడు. కొడుకా అన్నట్టు "మోనే, చెవి ఇటు తిప్పరా" అంటే గోవిందన్ తిప్పేవాడు. కన్నకొడుకును అంత ముద్దుగా పిలిచే తండ్రిని మా వైపు నేను చూడలేదు.

ఆ ఏడు ధనుమాసంలో గోవిందన్‌కు మదం వచ్చింది. ఏటా అదే నెల. మకరం వచ్చినా చెంపల మీద నూనె కారుతూనే ఉంది. ఏనుగు సొంతదారుల మేనేజరు భాస్కర పణిక్కర్ మాత్రం ఒక ఉత్సవానికి ముందే మాటిచ్చేశాడు. గొలుసు విప్పమన్నాడు.

"నీ అబ్బను వచ్చి విప్పమను," అన్నాడు అన్న.

అంతే. ఇరవై ఆరేళ్ల కొలువు ఆ పూటతో ఊడింది. మర్నాడు దేవసి అని కొత్త మావటి దిగాడు.

కొత్త చెయ్యి వస్తే మా దగ్గర ఒక ఆచారం ఉంది. కట్టి విప్పడం అంటాం. మదం తగ్గాక నాలుగు కాళ్లూ నాలుగు చెట్లకు బిగించి, కొత్తవాడి మాట వినేదాకా కొడతాం. పాత రెండో మావటి కూడా కొట్టి తీరాలి. కొట్టకపోతే ఏనుగు కొత్తవాణ్ణి లెక్కచేయక పాతవాడి వెనకే తిరుగుతుందట. మా తాతలు చెప్పింది, మేం చేసింది.

మకరం చివర్లో మదం తగ్గగానే మూడు రోజులు కొట్టాం, ఐదుగురం. బారు కర్రలతో మోకాళ్ల మీద, కాలిగోళ్ల మీద, తొండం మొదట్లో. దేవసి ఈటె మొనను చెవి వెనక దించి తిప్పేవాడు. రెండో రోజుకు ముందుకాలి గోరు చీలింది. తొక్కిన చోటల్లా మట్టి నెత్తురుతో ముద్దయింది. మొదట గోవిందన్ తోట దద్దరిల్లేలా అరిచాడు, తర్వాత అరవడం మానేశాడు. నా కర్ర విరిగింది. ఇంకొకటి అందుకున్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ సాయంత్రానికి నాకు ఊపు వచ్చింది, ఆగబుద్ధి కాలేదు. మూడో రోజు దేవసి "కూర్చో" అనగానే గోవిందన్ కూర్చున్నాడు. మేం కల్లు తాగి పండగ చేసుకున్నాం.

మీనమాసంలో, మిట్టమధ్యాహ్నం, ఊరేగింపు మధ్యలో గోవిందన్ నిలబడిపోయాడు. దేవసి ఈటె ఎత్తాడు. గోవిందన్ ఆ ఎత్తిన చేతినే తొండంతో చుట్టి నేలకేసి కొట్టాడు. ఒకసారి కాదు. తర్వాత వంగి దంతం కడుపులో దించాడు, అది వీపులోంచి బయటికొచ్చింది. దేవసి చివరిదాకా నా పేరే పిలిచాడు. నేను మాత్రం గోడ దూకి పారిపోయాను.

మత్తుసూది పడి గోవిందన్ నిలబడే తూగుతుంటే తిరిగి వచ్చాను. దంతం మీద నెత్తురు ఆరనే లేదు. నేనేం చేశాననుకున్నారు? తోక దగ్గరికి వెళ్లి మిగిలిన నాలుగు పొడుగు వెంట్రుకలూ పీకేశాను. మనిషిని చంపిన ఏనుగు వెంట్రుకకు గిరాకీ ఎక్కువ. ఛీ, నా బతుకు!

అటవీశాఖ కచేరీలో విచారణ మొదలైంది. పణిక్కర్ తెలివిగా తప్పంతా అన్న మీదకు తోశాడు. "ఇరవై ఆరేళ్లు తాగి, కొట్టి ఏనుగును చెడగొట్టింది పరంగోడనే" అన్నాడు. కట్టి విప్పిన సంగతి మాలో ఎవరూ ఎత్తలేదు. విచారణ అధికారి రెండు ముక్కల్లో తేల్చాడు, మనిషి చచ్చాడు గనక ఏనుగు ఇక సొంతదారుల దగ్గర ఉండదు. అన్న చేతిలో ఏనుగు బాగుండేదని రుజువైతే దాన్ని అన్నకే అప్పగిస్తారు. కాకపోతే దూరాన అడవి శిబిరానికి పంపేస్తారు. అన్న తిండి మానేసి ఆ కచేరీ మెట్ల మీదే కూర్చున్నాడు.

పశువుల డాక్టరమ్మ సౌదామిని వచ్చి తోక ఎత్తి చూసింది. "ఇదేంటి, ఒక్క పొడుగు వెంట్రుకా లేదే!" అంది. నేను చెట్లవైపు చూశాను.

"ఒక్కటి దొరికినా చాలు," అంది. "నొప్పి, భయం పడ్డప్పుడు ఒంట్లో ఊరే రసం వెంట్రుకలోకి ఎక్కి అక్కడే ఉండిపోతుంది. నెలకు దాదాపు రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. ముక్కలు చేసి పరీక్షిస్తే ఏ నెల ఎలా గడిచిందో తెలుస్తుంది."

నేను మూడు అమ్మేశాను. ఒకటి ఇంట్లో పాత పేపరులో చుట్టి ఉంది. అది ఇవ్వాలంటే ఎప్పుడు పీకానో చెప్పాలి, అది చెబితే అన్నీ చెప్పాలి. రెండు రోజులు మా ఆవిడ మీద ఊరికే అరిచాను. మూడో రోజు తీసుకెళ్లి డాక్టరమ్మ చేతిలో పెట్టి, నా కర్ర విరిగిన దాకా అంతా కక్కేశాను. ఆ వారమే టీ కొట్టు ముందు పణిక్కర్ మనుషులు నన్ను కింద పడేసి తొక్కారు. రెండు పళ్లు ఊడాయి.

నెలన్నర తర్వాత కచేరీలో డాక్టరమ్మ కాగితం విప్పింది. కుదురు నుంచి నాలుగు సెంటీమీటర్ల దూరంలో, అంటే పీకడానికి రెండు నెలల ముందు, మకరంలో, ఆ రసం మామూలుకు ఆరింతలు. మేం కొట్టిన రోజులు. అంతకు ముందు అన్న చేతిలో గడిచిన నెలలన్నీ నెమ్మదిగా ఉన్నాయి. పణిక్కర్ మొహం మాడిపోయింది. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది.

"ఒక్క చోట మాత్రం చిన్న ఎత్తు కనిపిస్తోంది," అంది డాక్టరమ్మ. "అంతకు ముందటేడు తులామాసం. మదం నెల కావచ్చా?"

"వీడికి మదం ధనులోనండీ," అన్నాడు అన్న.

"పోనీ, లారీలో దూరం తీసుకెళ్లారా? జ్వరమేమైనా?" అధికారి కూడా దారి చూపిస్తున్నాడు. ఔనంటే చాలు.

అన్న లేచి నిలబడ్డాడు. "కాదండీ. మా అమ్మ పోయింది ఆ నెల. వారం తాగాను. వీడు తిండి కోసం గొలుసు లాగుతుంటే కర్ర తీసుకున్నాను. ఎన్ని కొట్టానో గుర్తులేదు. వీడికి గుర్తుందన్నమాట."

ఇంకేముంది! రాసేసుకున్నారు, అడవి శిబిరం.

బయటికి రాగానే నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. "బుద్ధుందా నీకు? పళ్లు ఊడగొట్టించుకుని తెచ్చిచ్చానే! 'లారీయే' అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది? కొడుకు నీ ఇంటికొచ్చేవాడు గదా!"

"వచ్చేవాడు," అన్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి. "మళ్లీ కొట్టనని నువ్వు పూచీ ఉంటావా చామీ? నేనుండలేను."

చొక్కా వదిలేశాను. ఆయన కుంటుకుంటూ బస్సు వైపు వెళ్లిపోయాడు.

వారం తర్వాత లారీ వచ్చింది. గోవిందన్ ఎక్కనంటే ఎక్కనన్నాడు. అన్నకు కబురు పెడితే రానన్నాడట. తెలిసినవాడివి నువ్వే వచ్చి ఎక్కించమని నన్ను పిలిచారు. కర్ర పట్టుకోకుండా, వాడికిష్టమైన జీలుగు మట్ట ఒకటి చేతిలో పెట్టుకుని ముందుకెళ్లి నిలబడ్డాను. గోవిందన్ నన్ను చూశాడు. ఒక అడుగు వెనక్కి వేసి, నేనింకా నోరు తెరవకముందే, గొలుసులతో సహా మోకాళ్ల మీద కూలబడి కళ్లు మూసుకున్నాడు.