దారినపోయే దానయ్యల బాబాయ్

మా బాబాయ్‌కి ఉన్న జబ్బు ఒక్కటే. దారినపోయే దానయ్యను దారిన పోనివ్వడు. కథలోనైనా వీధిలోనైనా ఒక మూల అర నిమిషం కనబడి మాయమయ్యే మనిషి ఉంటే చాలు, ఆ మనిషి ఊరేమిటి, ఇంట్లో ఎందరు, మోకాళ్ళ నొప్పులున్నాయా లేవా అన్నీ తేలేదాకా అసలు కథను గడప దాటనివ్వడు.

బాబాయ్ అన్నానే గానీ రక్తసంబంధం కాదు. మందుల డబ్బాల్లో మడతపెట్టి పెడతారే, చీమ తలకాయంత అక్షరాల కాగితాలు, వాటిని అచ్చువేసే ప్రెస్సులో ఆయన ప్రూఫ్ రీడర్. నేను ఆ కాగితాలను కంప్యూటర్లో కూర్చేదాన్ని. ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఒక ప్రూఫు పట్టుకొని నా బల్ల దగ్గరకొచ్చాడు.

“అమ్మాయ్, ‘ఈ మందు వాడిన వెయ్యిమందిలో ఒకరికి దద్దుర్లు రావచ్చు’ అని ఉంది చూడు.”

“తప్పుందాండీ?”

“తప్పేం లేదు. ఆ ఒక్కరూ ఎవరో పాపం అని.”

అని వెళ్ళి కూర్చున్నాడు. నాకు ఆ రోజంతా పని సాగలేదు. సాయంత్రం మళ్ళీ వచ్చి, “ఆదివారం ఖాళీయేనా? మా ఇంట్లో ఆట ఉంది,” అన్నాడు. ప్రెస్సు గేటు దాటాక ఆ ఊళ్ళో నాతో మాట్లాడే ప్రాణి లేదు. ఖాళీయే అన్నాను.

ఆట ఏమిటంటే, ఒక జపాన్ యానిమే, అంటే కార్టూన్ సీరియల్ ఉంది. ఆకాశం నుంచి శత్రువులు దిగుతారు, మేడంత ఎత్తు రోబోల్లోకి ఎక్కి మనవాళ్ళు తరిమికొడతారు. ఆ సీరియల్‌ని బల్ల చుట్టూ కూర్చుని ఆడుకునేలా మార్చిన పుస్తకం ఒకటి బాబాయ్ సంపాదించాడు. ఒకరు కథ నడపాలి. మిగిలినవాళ్ళు తలా ఒక రోబో ఎక్కాలి. ఏం చేస్తారో నోటితో చెప్పాలి. అది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కథ నడిపేది బాబాయ్. ఇక ఆ కథ ఎక్కడికి కదులుతుంది?

పుస్తకంలో యుద్ధానికి తొంభై పేజీలు, ఊరి జనానికి నాలుగు వాక్యాలు. ఆ నాలుగు వాక్యాల మధ్య ఎర్ర కలంతో హంసపాదు వేసి, ‘ఇక్కడ చాలా వదిలేశారు’ అని రాసుకున్నాడు.

పిన్ని తన గోడు చెప్పుకునేది. “సీరియల్లో రోబో కాలు జారి ఓ మేడమీద పడిందమ్మా. వెంటనే టీవీ ఆపేశారు. మూడో అంతస్తులో నీలం చొక్కా ఆరేసుంది, ఎవరిదంటారు. నాదే అన్నాను, వంటింట్లో పనుండి. ఊరుకుంటేనా! ‘మగచొక్కా కదే’ అన్నారు.”

ఆడేవాళ్ళం ముగ్గురం. దంతాల డాక్టరమ్మకు యుద్ధమంటే ప్రాణం. కూర్చున్న మరుక్షణం “పీకేద్దాం పదండి” అనేది, వృత్తిధర్మం. లిఫ్టులు బాగుచేసే లిఫ్టన్నకు మాట తడబడుతుంది, అందుకని తలే ఊపేవాడు. మూడోదాన్ని నేను. నాకు తడబాటు లేదు గానీ మాటే లేదు.

మొదటి ఆదివారం శత్రువు ఓడ ఊరి నెత్తిమీదికి వచ్చి నిలిచింది. మేం రోబోల షెడ్డు దగ్గరకు పరిగెత్తాం.

“తలుపు దగ్గర కాపలా ఆయన ఉన్నాడు,” అన్నాడు బాబాయ్.

“తీయమనండి,” అంది డాక్టరమ్మ.

“తీసేవాడే. మోకాలు పట్టేసింది. లేవడానికి కాస్త టైం పడుతుంది.”

“నేనే తీసుకుంటా. తాళాలివ్వమనండి.”

“‘ముప్పై ఏళ్ళుగా ఈ తాళాలు నా మొలనే ఉన్నాయి, నిన్నగాక మొన్నొచ్చిన నీ చేతికిస్తానా’ అంటున్నాడు.”

“ఇదెక్కడి గోల! లోకం మునిగిపోతోందయ్యా!”

“‘మునిగితే మునగనీ, నన్ను అయ్యా గియ్యా అనకు’ అంటున్నాడు.”

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. లేని మనిషితో ముప్పావుగంట పోట్లాడింది. మోకాలికి కాపడం ఎలా పెట్టుకోవాలో అరిచి మరీ చెప్పింది. డాక్టర్ల మాట వింటే ఉన్న కాలూ పోతుందన్నాడు అతను. ఇలా మూడు ఆదివారాలు. శత్రువు ఓడ పాపం ఆకాశంలో అలాగే వేలాడుతూ ఉంది.

చచ్చీచెడీ రోబోలెక్కితే, రేడియోలో అవతల ఒక ముసలాయన. బ్రహ్మచెవుడు. “తూర్పుకి వెళ్తున్నాం!” అని డాక్టరమ్మ అరిస్తే “చూర్ణమా? ఎవరికమ్మా?” అన్నాడు. రెండోసారికే ఆవిడ చేతులెత్తేసి, “నువ్వే పడు ఆయనతో,” అని లిఫ్టన్న వైపు తిరిగింది.

లిఫ్టన్న గొంతు సవరించుకున్నాడు. “తూ... తూ...”

“మళ్ళీ చెప్పు బాబూ. తొందరేం లేదు, నా చెవే మంచిది కాదు,” అన్నాడు బాబాయ్ ముసలి గొంతుతో.

మళ్ళీ చెప్పాడు. మూడోసారికి మాట సాఫీగా వచ్చింది. అందరం నవ్వాం, అందరికంటే గట్టిగా లిఫ్టన్న నవ్వాడు. ఆ తర్వాత రేడియో అతని సొత్తయింది. ఆర్నెల్లు తిరిగేసరికి ముసలాయనకు జోకులు కూడా చెప్పేవాడు, మూడేసిసార్లు.

ఒకసారి డాక్టరమ్మ క్షిపణి వదులుతానంది.

“ఏ వీధిలో?” అన్నాడు బాబాయ్.

“వీధేంటి బాబాయ్ గారూ, శత్రువు మీద!”

“గురి తప్పితే పడేది ఏ వీధిలో అని.”

తప్పితే పడే వీధిలో గొడుగులు బాగుచేసే అతను ఉన్నాడట. అతనింట్లో గాజుతొట్టె, తొట్టెలో పదకొండు చేపలు. లోకాన్ని కాపాడాల్సిన మేము మేడంత రోబోలతో, నీళ్ళు తొణక్కుండా, రెండు ఆదివారాలు ఆ తొట్టె మోశాం.

ఆ వీధిలోనే ఒకావిడ నా రోబో కాలు తట్టింది. ఊరికి కొత్త. “అమ్మా, బడి ఎటువైపు?” అని అడిగింది. నాకేం తెలుసు? బల్లమీది పటం చూసి రెండు ముక్కల్లో చెప్పాను. వచ్చేవారం మళ్ళీ తయారు. “నువ్వు చెప్పిన సందు మూసేశారమ్మా. ఇంకో దారుందా?” ఆ పైవారం ఆసుపత్రి, ఆ తర్వాత చెప్పులు కుట్టే అతని కొట్టు. “ఈవిడకి దారి దొరికేదాకా యుద్ధానికి సెలవా?” అని డాక్టరమ్మ పళ్ళు కొరికేది, ఎదుటివాళ్ళకైతే వద్దని చెప్పే పని. నేను మాత్రం పటంమీద వేలు పెట్టి, ఎడమకి తిరిగితే మెట్లు వస్తాయి, మెట్ల పక్కన నీళ్ళ ట్యాంకు, అని గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని.

రెండున్నరేళ్ళు ఆడాం. యుద్ధం మొదలు కాలేదు. ఈలోగా ప్రెస్సు మూతపడింది. నాకు రైల్లో పది గంటల దూరాన ఉద్యోగం దొరికింది. వెళ్ళే ముందు ఆదివారం ఎవరూ పాచిక ముట్టుకోలేదు.

కొత్త ఊళ్ళోనూ ఇలాంటి ఆట ఆడేవాళ్ళను వెతికి పట్టుకున్నాను. వాళ్ళు గంటలో నాలుగు నగరాలు కూల్చేశారు. “ఆ మేడలో ఎవరున్నారు?” అని అడిగాను. “ఎవరుంటే మనకేంటి? పాచిక వెయ్యండి,” అన్నారు. వేశాను. ఇరవై పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం బాబాయ్ ఇంటి కుంటికాళ్ళ బల్ల, వంటింట్లోంచి పిన్ని సణుగుడు, నాలుగింటి ఎండ కర్టెన్ సందులోంచి పటంమీద పడటం, చెవిటి ముసలాయన కోసం లిఫ్టన్న గొంతు పెంచడం గుర్తొచ్చి, ఆ విజయం గొంతు దిగలేదు. ఆదివారం వస్తే చాలు, ఎవరో పిలిచినట్టయ్యేది. తలుపు తీసి చూస్తే ఎవరూ ఉండరు.

మూడేళ్ళు అలా గడిపి, చివరికి నేనే ఒక ఆట మొదలుపెట్టాను. కథ నడిపేది నేను, ఆడటానికి ముగ్గురు చేరారు. ఒకావిడ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. నాలుగు వారాలైనా పెదవి విప్పలేదు. ఏం చేయాలో తోచక బాబాయ్‌కి ఫోన్ చేశాను.

“ఎక్స్‌రేలా?” అన్నాడు. “అయితే రోజంతా రెండే మాటలు. ఊపిరి బిగబట్టండి, వదలండి. పాపం! ముందు యుద్ధం పక్కనపెట్టు. ఆవిడ మాట్లాడటానికి తగిన మనిషినొకణ్ణి దారిలో నిలబెట్టు. డాక్టరమ్మకి కాపలావాణ్ణి పెట్టలా?”

“కాపలావాణ్ణి పెట్టింది డాక్టరమ్మ కోసమా?”

“మరి? వాళ్ళ నాన్న పోయాక ఆ పిల్లతో పోట్లాడే దిక్కు లేదు. రోజుకి ముప్పైమంది ఎదురుగా నోరు తెరుస్తారు, ఒక్కడైనా ఎదురు చెబుతాడా?”

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను. “చెవిటాయన?”

“మన లిఫ్టువాడికి. ఎలాగూ మాట రెండు మూడుసార్లు అనాలి. లోపం వినేవాడిదైతే వాడికి చిన్నతనమేముంది?”

తర్వాతి ప్రశ్న నాలుకమీదే ఉంది. “మరి... దారి అడిగే ఆవిడ?”

“ఆవిడా? ఆవిడ ఊరికే. ఏదో నోటికొచ్చి పెట్టాను.”

వెనకనుంచి పిన్ని గొంతు వినిపించింది. “అబద్ధం! కొత్తపిల్ల బిక్కుబిక్కుమంటోంది, నలుగురికి దారి చెబితే ఊరు తనదవుతుందని ఈయనే అన్నారు. ప్రతి శనివారం నాచేత పటాలు గీయించారు. నా వేళ్ళు పడిపోయాయి! గమనించలేదుటే? పేర్లు మార్చానంతే, అన్నీ మన ఊరి సందులే.”

“నువ్వుండవే,” అన్నాడు బాబాయ్, దొరికిపోయిన దొంగలా.

నాకు నవ్వొచ్చింది, దాని వెనకే ఇంకేదో వచ్చింది. కళ్ళు మూసుకుంటే ఈనాటికీ ఆ ఊళ్ళో ఏ సందులోంచి ఏ సందులోకి వెళ్ళాలో చెప్పగలను. మెట్లు, మెట్ల పక్కన నీళ్ళ ట్యాంకు. అదంతా ఆయన బల్లమీద నేర్చుకున్నానని ఇన్నేళ్ళూ తెలియలేదు.

ఆ ఆదివారం మా ఆటలో సైన్యం బయలుదేరింది. బాకా మోగితేగానీ కదలకూడదు. ఊదే ఆయనకు నలభై ఏళ్ళు, భారీ మనిషి, ఉద్యోగం కొత్త. భయంతో ఊపిరి అందడం లేదు. ఊదితే గాలి తప్ప మోత రావడం లేదు. నేను బుగ్గలు పూరించి ఊది చూపించాను.

“బాకా లేకుండానే పోదాం,” అన్నారు మిగతా ఇద్దరూ.

ఎక్స్‌రే ఆవిడ తలెత్తింది. “భుజాలు దించమనండి,” అంది మెల్లగా.

దించాను. “ఇలాగాండీ?”

“అలా కాదండీ. ముందు ఉన్న గాలంతా వదిలెయ్యండి. భయం లేదు, నేనిక్కడే ఉన్నాను. ఇప్పుడు నిదానంగా పీల్చండి... ఇంకాస్త... ఆఁ, ఇప్పుడు ఊదండి.”

ఊదాను. పక్కవాటా వాళ్ళు కిటికీ తెరిచి చూసేంత మోత వచ్చింది. మిగతా ఇద్దరూ బల్ల చరుస్తూ నవ్వారు. ఎక్స్‌రే ఆవిడ నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది.

ఆట ముగిసి అందరూ లేచారు. ఆవిడ సంచి భుజానికి తగిలించుకొని, గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

“ఆ బాకా ఆయన ఇంట్లో ఎవరెవరుంటారండీ?”

నేను ఆలోచించలేదు. “మీరే చెప్పండి,” అన్నాను.

ఆవిడ సంచి దించి, కుర్చీ లాక్కొని కూర్చుంది.