తమ్ముడు పుట్టిన చోటు

మా రేవు సంఘం హాల్లో ఒక గోడ ఉంది. ఈ తీరంలో పుట్టి పేరు తెచ్చుకున్నవాళ్ళ ఫొటోలన్నీ దాని మీదే. అందులో ఒక పెద్ద డాక్టరున్నాడు. చుట్టపుచూపుగా వచ్చిన తల్లి ఇక్కడ కన్నది, పొత్తిళ్ళలోనే ఎత్తుకుపోయింది. మళ్ళీ ఆ మహానుభావుడు ఇటు తొంగిచూస్తే ఒట్టు! ఆయనకు నిలువెత్తు ఫొటో. పుట్టిన దగ్గర్నుంచీ ఇక్కడే చాకిరీ చేస్తున్న నా తమ్ముడికి మాత్రం జాగా లేదట. ఒళ్ళు మండదా?

తమ్ముడు పడవలు కడతాడు. పలకల సందుల్లో నూలు కూరి తారు పూయడంలో వాడి తర్వాతే ఎవరైనా. కొత్త పడవను నీళ్ళలోకి దించగానే ముందు తనొక్కడే ఎక్కి, బోర్లా పడుకుని, అడుగు పలకలకు చెవి ఆనిస్తాడు. చెమ్మ లేదని తేలాకే యజమానిని ఎక్కనిస్తాడు.

"మునిగితే నేను మునగాలిగానీ, ఒకడి ఉసురు నాకెందుకు?" అంటాడు.

పెళ్ళీ పెటాకులూ లేవు. వాడికున్న ఆశల్లా ఆ గోడే. "నేనూ ఇక్కడివాణ్ణేనని నలుగురూ ఒప్పుకోవాలక్కా" అనేవాడు.

అడ్డం వచ్చింది వాడి పుట్టుకే. అమ్మా, నాన్నా, నేనూ పొట్ట చేత పట్టుకుని పడవలో ఈ రేవుకొచ్చాం. ఊరూ పేరూ లేనివాళ్ళంటూ రేవు అధికారి దిగనివ్వలేదు. అమ్మకు నొప్పులొస్తున్నాయని నాన్న కాళ్ళావేళ్ళా పడ్డాడు. తాడు విసిరితే గట్టుకు అందేంత దూరంలో, నీళ్ళ మీదే తమ్ముడు పుట్టాడు, అమ్మ పోయింది. ప్రాణం పోయాక దిగనిచ్చారు. అన్నీ గుర్తుండే వయసు నాది.

ఆ అధికారి కొడుకే ఇప్పుడు సంఘానికి అధ్యక్షుడు. నోటితో నవ్వి నొసటితో వెక్కిరించే రకం. మొన్న సభలో తమ్ముడి మాట ఎత్తితే, "నిబంధన ఉంది కదమ్మా. ఆయన ఈ నేల మీద పుట్టలేదు" అన్నాడు.

"ఎవరి పుణ్యమా అని నీళ్ళ మీద పుట్టాడయ్యా? మీ నాన్న దిగనిస్తే ఒడ్డునే పుట్టేవాడు కాదూ!" అన్నాను.

అతని మొహం మాడిపోయింది. అంతలోనే గొంతు తగ్గించాడు.

"చూసినవాళ్ళలో మీరొక్కరే మిగిలారు. ఒడ్డున, ఇంట్లోనే పుట్టాడని ఇక్కడ ఒక్క మాట చెప్పండి. రేపే ఫొటో పెట్టిస్తాను. ఆ పాత గొడవ మాత్రం ఇంకెప్పుడూ ఎత్తకండి."

పక్కనే కూర్చున్న తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. "చెప్పక్కా. ఒక్క మాటేగా. ఎప్పుడైనా నిన్నేమైనా అడిగానా?"

నిజమే, ఏదీ అడిగి ఎరగడు. అయినా లేచి నిలబడ్డాను.

"మా అమ్మ మీ గట్టు ముందు అరిచి అరిచి చచ్చిపోయింది. వీడు అక్కడే పుట్టాడు. ఇంకో మాట నా నోట రాదు."

"అయితే మేమేం చెయ్యలేం" అని అధ్యక్షుడు వేరే విషయం మొదలుపెట్టాడు.

తిరిగొస్తుంటే దారిలో తమ్ముడు ఆగాడు. "నీకు పోయిన అమ్మే ఎక్కువైంది. నేను బతికే ఉన్నానక్కా" అని, తన షెడ్డులోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

అప్పట్నుంచి నా గడప తొక్కలేదు. వాడి కోపంలో తప్పు లేదు. కానీ నేనూ అబద్ధమాడితే, అమ్మ అక్కడ అరిచిందని చెప్పేదెవరు?