బెజవాడలో ట్రాయ్ ఎండ

ఆ శనివారం పొద్దున కాఫీ తాగుతూ మా ఆయనతో చెప్పేశాను. "ఇవాళ సాయంత్రంలోపు ఆవిడ గడప దాటకపోతే ఈ నవల ఇక రాయనండీ."

ఆవిడంటే నా నవల్లో నాయిక. బెజవాడలో, మే నెలలో, ఒక పొద్దున భర్తనీ ఇంటినీ వదిలి వెళ్ళిపోవాలి. వారాల తరబడి వెళ్తూనే ఉంది. చెప్పులేసుకుంటుంది, తలుపు తీస్తుంది. నేను చదివి చూసుకుని మొత్తం కొట్టేస్తాను. పాపం, మళ్ళీ చెప్పులు విప్పుకుని లోపలికొస్తుంది. ఎంతో కాలంగా నాతో కలిసి బతికిన మనిషి. మధ్యలో వదిలేయాలంటే దిగులే. కానీ రోజూ ఓడిపోవడం అంతకన్నా దిగులు.

"సాయంత్రమంటే ఎన్నింటికి? ఫిబ్రవరిలో ఈ మిషిగన్‌లో లంచ్ అవగానే చీకటి పడుతుంది, చూసుకో మరి," అన్నారు మా ఆయన. ఆయన కార్లకు హీటర్లు డిజైన్ చేసే ఇంజినీరు. నా ఏకైక పాఠకుడు కూడా. ఏకైక అంటే గొప్పగా వినిపిస్తుందని అన్నాను గానీ, రెండోవాళ్ళు దొరకలేదు.

నా టేబుల్ బేస్‌మెంట్‌లో, బట్టలుతికే మెషీన్ పక్కన. అది తిరిగినంత చురుగ్గా నా బుర్ర తిరగలేదు. పదాలు కదలకపోతే పాదాలైనా కదులుతాయని మెట్లెక్కి దిగాను. కథ కంచికి చేరలేదు గానీ, నేను మాత్రం మాటిమాటికీ కంచం దగ్గరికి చేరాను.

మధ్యాహ్నం దాటాక ఒక పేరా వచ్చింది. బాగుందనిపించింది కూడా. లాప్‌టాప్ పట్టుకెళ్ళి మా ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయన తెలుగు పైకి చదివితే తప్ప అర్థం చేసుకోలేరు.

"'తలుపు తీసింది. ఎన్నాళ్ళకో ఎండ కాసింది. ముఖం పైకెత్తి అలాగే నిలబడింది. ప్రాణం లేచొచ్చినట్టయింది...'" అక్కడ ఆగారు. భుజాలు కదులుతున్నాయి.

"ఎందుకండీ నవ్వుతారు?"

"మే నెల్లో, బెజవాడ ఎండలో, ప్రాణం లేచొచ్చిందా? ఉన్న ప్రాణం పోతుంది కదే! కనీసం గొడుగైనా ఇవ్వు పాపం."

నాకు నవ్వు రాలేదు. నేను పుట్టి పెరిగిన ఊరది. కరిగిన తారుకి చెప్పులు అతుక్కోవడం, మిట్టమధ్యాహ్నం గేటు గొళ్ళెం ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనడం, అన్నీ ఎరుగుదును. ఎరిగీ ఆవిణ్ణి మిషిగన్ మబ్బుల్లో మగ్గిన మనిషిలా నిలబెట్టాను.

లాప్‌టాప్ మూసేశాను. "సాయంత్రం దాకా కూడా అక్కర్లేదు. నా ఊరే నాకు గుర్తులేనప్పుడు ఇంకేం రాస్తాను? మానేస్తున్నాను."

ఆయన నవ్వు ఆపేశారు. కిటికీలోంచి మంచుకేసి చూస్తూ, "అలా నిలబడ్డది నువ్వే కదా," అన్నారు.

"నేనా?"

"మనం వచ్చిన మొదటి చలికాలం. మబ్బు విడిచిందని కాటన్ చీరలో బయటికి పరిగెత్తావు, తడి తువ్వాలు ఆరేస్తానని. అది అప్పడంలా బిగుసుకుపోయింది. నువ్వు వణుక్కుంటూ వచ్చి నా మీద అరిచావు. 'ఇదేం ఎండండీ, ఫ్రిజ్‌లో లైటులా! వెలుగే గానీ వేడేదీ?' అని. హీటర్ల పని నేను సీరియస్‌గా తీసుకున్నది ఆ రోజు నుంచే."

నేను మర్చిపోయిన మాట ఆయన ఇన్నేళ్ళూ దాచుకున్నారు. మూసిన లాప్‌టాప్ తీసుకుని కిందికి దిగాను.

ఆవిణ్ణి ఇక్కడికే, మేముండే ట్రాయ్‌కి తెచ్చేశాను. వెనకటి అధ్యాయాలన్నీ తరలించాలి, వీసా బాధ లేకపోవడం ఒక్కటే ఊరట. ఆవిడ తలుపు తీసింది, ఎండ చూసింది, చెప్పులతో బయటికి అడుగేసింది, గడ్డకట్టుకుపోయి వెనక్కొచ్చింది. అప్పుడర్థమైంది. బెజవాడలో అయితే కోపమొచ్చిన క్షణంలోనే వీధిలో ఉండొచ్చు. ఇక్కడ కోటు, బూట్లు, గ్లోవ్స్, టోపీ అన్నీ వేసుకునేసరికి ఎంతటి కోపమైనా చల్లారుతుంది. చల్లారాక కూడా వెళ్ళిందంటే, ఆవిడ నిజంగానే వెళ్ళిపోతున్నట్టు. ఒక్కో బూటుకీ ఒక్కో పేరా ఇచ్చాను. ఆవిడెక్కడా ఆగలేదు.

బేస్‌మెంట్ చిన్న కిటికీలో ఇంకా కాస్త వెలుగుండగానే మెట్ల పైనుంచి మా ఆయన గొంతు వినిపించింది.

"వెళ్ళిందా?"

"వెళ్ళిందండీ."

"కోటు వేసుకుందా?"

"వేసుకుంది."

"హమ్మయ్య," అన్నారు.