బామ్మర్ది కోసం వచ్చిన

మా షిఫ్ట్ ఇన్‌చార్జి మంచివాడో చెడ్డవాడో నాకు ఇప్పటికీ తేలలేదు. పొద్దుటి షిఫ్టుకు తాగిన వాసనతో వెళ్లిన నన్ను గేటు దగ్గరే ఆపి, "పటాన్‌చెరుల ఐతారం సాయంత్రం తాగుడు మానేటోళ్ల మీటింగ్ అయితది. ఆడికి పో. పోకుంటే ఇగ నౌకరీకి రాకు" అన్నాడు. తొంభైల నాటి మాట. లక్డారం నుంచి సైకిల్ మీద మందుల ఫ్యాక్టరీకి వెళ్లేవాణ్ణి. ఊళ్లో మాకు కొంత పొలం, దానికి తగ్గ పరువు ఉండేవి. ఆ పరువును చాలావరకు నేనే తాగేశాను.

మీటింగు ఒక బడిలో. బయట బోర్డు లేదు. తాగుబోతుల మీటింగ్ ఎక్కడని ఎవరిని అడుగుతాం? మా ఊరివాళ్లు చూస్తే అంగడికి వచ్చాననుకోవాలని ఉల్లిగడ్డలు కొని, ఆ సంచితో బడి ముందు అటూ ఇటూ తిరిగాను. గేటు దగ్గర నిలబడ్డ పెద్దాయన చూసి చూసి, "లోపలికి రా తమ్మీ, ఉల్లిగడ్డలు గూడ తెచ్చుకో" అన్నాడు.

లోపల చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్లు ముడుచుకుని కొందరు మగవాళ్లు. ఒక్కొక్కరే లేచి తమ తాగుడు సంగతి చెబుతున్నారు. ఒకాయన బిడ్డ పెళ్లిలో పందిట్లోనే పడిపోయాడట. నా వంతు వచ్చింది. "నేను తాగను. మా బామ్మర్ది కోసం వచ్చిన" అన్నాను.

మా వైపు బామ్మర్దిని ఏమన్నా చెల్లుతుంది. దొంగంటాం, దున్నపోతంటాం, పదిమందిలో పరువు తీస్తాం. వాడు నవ్వుకుంటూ పడాలి. ఆ అలవాటే నా నోట్లోంచి వచ్చింది. తర్వాతి వారాల్లో నేను తాగి చేసినవన్నీ వాడి మీద పెట్టి చెప్పాను. నమ్మకం కుదరాలని, వాడు చిట్కుల్‌లో కిరాయికి ఉంటాడని, సీసాల ఫ్యాక్టరీలో పని చేస్తాడని, పెళ్లి సంబంధాలు చూస్తున్నామని కూడా చెప్పాను. ఇవి మాత్రం నిజాలే. చెప్పినకొద్దీ గుండె తేలికయ్యేది. విచిత్రమేమంటే, అలా అబద్ధాలు చెబుతూ చెబుతూనే నా తాగుడు నిజంగా ఆగింది. ఇంట్లో మాత్రం ఎవరూ నమ్మలేదు, నమ్మడానికి నేనేమీ మిగల్చలేదు.

అంతలో బామ్మర్దికి ఇస్నాపూర్ సంబంధం కుదిరింది. ముహూర్తం పెట్టుకునే ముందు కబురొచ్చింది: "పిల్లగాడు తాగుతడట, మాకొద్దు." పండుగనాడు కల్లు కూడా ముట్టనివాడు వాడు. తల్లి పోయాక వాణ్ణి పెంచింది నా భార్యే. ఆమె అన్నం మానేసి గోడకు ఒరిగి కూర్చుంది. ఈ నిప్పు పెట్టిందెవడని ఇంట్లో అందరూ తిట్టారు. అందరికంటే గట్టిగా నేను తిట్టాను. ఎన్నోసార్లు తాగి పడ్డాను గానీ, ఆ రోజు గొంతు పెంచినందుకు పడ్డ సిగ్గు వేరు.

ఆదివారం మీటింగులో లేచి నిలబడ్డాను. "మా బామ్మర్ది తాగడు. తాగేది నేను. నేను చెప్పినయన్నీ నావే." అంతే అని కూలబడ్డాను. అయిపోయాక, ఎప్పుడూ వెనక బెంచీలో మాట్లాడకుండా కూర్చునే ఆయన నన్ను పక్కకు పిలిచాడు. ఆయన ఆ ఇస్నాపూర్ పిల్లకు మేనమామ.

"ఈడ చెప్పిన మాట బయటికి పోవద్దంటరు. మేనకోడలి బతుకు గదా, ఎవరో అన్నరని చెప్పేసిన. ఇప్పుడు పిల్లగాడు తాగడంటే నీకెట్ల ఎరుకంటరు. భజనకు పోతున్నని ఇంట్ల చెప్పి వస్త నేను."

"నేనే వచ్చి చెప్త" అన్నాను.

బామ్మర్దిని వెంటబెట్టుకుని ఇస్నాపూర్ వెళ్లాను. వాకిట్లో వాళ్ల పెద్దలందరి ముందు చెప్పాను. బామ్మర్ది నా వైపు చూడడం మానేశాడు. పిల్ల తండ్రి, "ఒక తాగుబోతు మాట పట్టుకొని పిల్లనియ్యాల్నా?" అన్నాడు. నిజమే, నేనైతే ఇవ్వను.

అప్పుడు మేనమామ లేచాడు. "ఇయ్యొచ్చు బావా. నేను నీకు చెప్పింది ఈయన నోట విన్నదే. తాగుడు మానేటోళ్ల మీటింగ్‌ల. నేను గూడ ఆడికే పోత." ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. మా ఇంటి పెళ్లి కోసం ఆయన పరువు పోవడం చూస్తూ తల వంచుకున్నాను. సంబంధం మళ్లీ ఖాయమైంది.

తిరుగు దారిలో బామ్మర్ది సైకిల్ తొక్కుతున్నాడు, నేను వెనక కూర్చున్నాను. వెనక్కి తిరగకుండానే, "నేనే దొరికిన్నా బావా?" అన్నాడు.

"బామ్మర్దివి గదా" అని నవ్వబోయాను. వాడు నవ్వలేదు. "అక్కకు నువ్వే చెప్పాలె" అన్నాడు.

గడపలోనే ఎదురొచ్చింది నా భార్య. సంబంధం నిలిచిందని వాడు చెప్పగానే దండం పెట్టుకుని, "ఇంతకీ ఎవడట ఆ మాటన్నోడు?" అని అడిగింది.

"నేనే."

ఆమె దగ్గరికొచ్చి ముందు నా నోరు వాసన చూసింది. తాగితే తప్ప నేను నిజం చెప్పనని ఆమె లెక్క. వాసన లేదు. అప్పుడు ఏడ్చింది.