అమ్మరాదని రాసిన బోర్డు

ఆదోనిలో కంప్యూటర్లు బిగించే బోర్డులాయన పోయాడు. గుండె ఆగిందట. ఆ కబురు వచ్చేసరికి నేను ఎమ్మిగనూరులో మా మిద్దె మీద ఎండుమిరపకాయలు తిరగేస్తున్నాను. మా అమ్మాయి ఫోను పట్టుకొని మెట్లెక్కి వచ్చింది.

"నాయనా, బోర్డులాయన లేడంట. నిన్ననే మట్టి చేసినారంట."

 నేను కాయలు తిరగేస్తూనే ఉన్నాను.

"ఏం మనిషివి నాయనా నువ్వు? మనకు అంత మేలు చేసినాడు. అయ్యో అనే మాట గూడా రాదా నీకు?"

మాట లేక కాదు. ఏడాదిగా గొంతులో అడ్డంగా ఉంది. అది ఆయన ఉండగా ఆయనకు చెప్పాల్సిన మాట, ఆయన దుకాణంలో, నలుగురి ముందర. చెప్పలేదు. ఇప్పుడు మీ ముందర చెబుతున్నాను. నేను చదివింది నాలుగో తరగతి. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. మాటలు నావే. ఒక్కటి కూడా మెత్తగా మార్చొద్దని చెప్పాను.

ఆయన పేరు ఆదోనిలో చాలామందికి తెలుసు. ఇక్కడ రాయించను. నేను చేసిన పనికి ఆ పేరు నా నోటితో ఎత్తడం బాగుండదు.

నేను ఆదోని జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా పనిచేసి దిగిపోయినవాణ్ణి. దూది నుంచి గింజను వేరుచేసే మిషను ఏ బోల్టు దగ్గర మూలుగుతుందో చెవి పెట్టి చెప్పేవాణ్ణి. మా అమ్మాయి పెళ్ళి వీడియోలు కత్తిరించి అతికించే పని చేస్తుంది. దాని పాత కంప్యూటరు అరగంట వీడియోకు ఒక పూట తినేది. మంచిది కొత్తగా బిగించుకోవాలంటే ఆదోని బోర్డులాయన దగ్గరికే పోవాలన్నారు. తీసుకుపోయాను.

మదర్‌బోర్డు అంటే తెలియనివాళ్ళకు చెబుతాను, నాకూ అప్పుడు తెలియదు. కంప్యూటరు పెట్టె విప్పితే లోపల పెద్ద పలక ఉంటుంది. మిగతా సామానంతా దాని మీదే కూర్చుంటుంది. ఆయన అన్నీ అమ్మేవాడు కానీ ఆయన ప్రాణం ఆ పలకల మీదే. అందుకే బోర్డులాయన. ఆదివారం మధ్యాహ్నం ఆ దుకాణంలో నలుగురైదుగురు చేరేవాళ్ళు, కొనడానికి కాదు, ఖరీదైన బోర్డులు పక్కపక్కన పెట్టి ఏది మేలో తేల్చడానికి. కోడిపందేల దగ్గర ఉండే పిచ్చి ఆ మొహాల్లో చూశాను.

ఆయన పద్ధతి ఒకటుంది. బల్ల మీద ఉతికిన తువాలు పరిచి రెండు బోర్డులు పెట్టేవాడు. వాటి అట్టపెట్టెలు మాత్రం రాత కనపడకుండా గోడవైపు తిప్పేసేవాడు. "ముందు చూడండి, ముట్టండి, తూకం చూడండి. చదివేది ఆఖర్న" అనేవాడు. ఇంగ్లీషు గడగడ చదివేవాళ్ళూ నేనూ ఆ బల్ల దగ్గర ఒకటే అయిపోయేవాళ్ళం. నా బతుకులో అట్లాంటి బల్ల ఇంకోటి దొరకలేదు.

మొదటి రోజు పెట్టిన రెండిట్లో ఒకటి రంగుల దీపాలతో పెళ్ళి పందిరిలా ఉంది. రెండోది నల్లగా, ఎనుములా ఉంది.

"ఈ దీపాలదే ఇయ్యి భాయ్. ఖరీదైంది గదా" అన్నాను.

"రెండూ ఒకటే రేటన్నా. నువ్వు ఫిట్టరంటివే, వేలు పెట్టి చూడు."

పెట్టి చూశాను. దీపాలదాని పైకప్పు ఉత్త ప్లాస్టిక్కు, దాని కింద వేలెడంత లోహం. నల్లదానికి మిల్లు మోటారు వీపు మీద ఉన్నట్టు నిండా లోహపు రెక్కలు. చేతికి చల్లగా, బరువుగా తగిలింది.

"ఇది వేడి దించుతాది. అది వేడి దాచిపెడతాది" అన్నాను.

ఆయన బల్ల మీద చరిచి నవ్వాడు. "విన్నారా? మీరు పొద్దున్నుంచి నెట్లో చూస్తాండారు. అన్న చెయ్యి పెట్టంగానే తేల్చేసినాడు."

ఆ నల్లదే కొన్నాము. ఆ రోజు నుంచి నాకు ఒక స్టూలు వేసేవాడు. నేను ప్రతి ఆదివారం బస్సెక్కి పోయి దాని మీద కాలు మీద కాలేసుకొని కూర్చునేవాణ్ణి. కాలేజీలో కంప్యూటర్ల ల్యాబు చూసే అతనొకడు వచ్చేవాడు, ఎప్పుడూ వాదనే. ఒకసారి అతను ఒక బోర్డు మీద ప్రాసెసరుకు కరెంటు పంచే దిమ్మెలు లెక్కపెట్టి, దీనికి ఎక్కువున్నాయి, ఇదే గొప్పది అన్నాడు. బోర్డులాయన ఒప్పుకోలేదు.

"బండ లాగేదానికి ఎన్ని ఎద్దులు కట్టినావని కాదు సార్, ఎట్లాంటి ఎద్దులు కట్టినావని అడగల్ల. బక్కవి పదహారు కట్టి మురిస్తే, ఎండాకాలం నురగ కక్కుతాయి."

ఇంకో మాట చాలాసార్లు అనేవాడు: "మంచి బోర్డు అంటే పరిగెత్తేది కాదు. చెడినపుడు యాడ చెడిందో దాచకుండా చెప్పేది." ఖరీదైన బోర్డు మూలన రెండంకెలు వెలిగే చిన్న కిటికీ ఉంటుంది. ఏదైనా చెడితే ఏ చోట ఆగిపోయిందో ఆ అంకెలు చెబుతాయి. ఆయన అన్నిటికంటే ముందు దాన్నే చూసేవాడు.

ఇక నేను చేసింది.

మిల్లులో మాకొక అలవాటు ఉండేది. కొత్త మిషను వస్తే దాన్ని ఒకసారి పూర్తిగా విప్పి, తుడిచి, మళ్ళీ బిగిస్తేనే అది మన మిషను. కొన్న రెండో నెలలో మా అమ్మాయి కర్నూలు పోయిన పూట నేను ఆ కంప్యూటరు విప్పాను. ఫ్యాను తీశాను. కింద ప్రాసెసరు మీద బూడిదరంగు జిడ్డు కనపడింది. గ్రీజు కారిందనుకున్నాను. అది వేడిని లాగడానికి పూసే పేస్టు అని ఆయన బిగించేటప్పుడే చెప్పాడు. నేను చెవిన పెట్టలేదు. ప్రాసెసరు పైకెత్తి, మిల్లులో వాడే నూలుపీచుతో దాన్ని తుడిచాను. అది కూర్చునే గుంటను కూడా తుడిచాను. ఆ గుంటలో కంటికి ఆనని సూదులు, పిన్నులంటారు, వెయ్యికి పైగా ఉంటాయి. పీచు పట్టుకుంది. నేను లాగాను.

మళ్ళీ బిగించి మీట నొక్కితే తెర వెలగలేదు. మూలన కిటికీలో రెండు సున్నాలు కనపడ్డాయి. బోర్డు దాచకుండానే చెప్పింది.

మా అమ్మాయికి చెప్పలేదు. దానంతటదే ఆగిపోయిందన్నాను. ఆదివారం బోర్డు ఊడదీసి ఆదోనికి పట్టుకుపోయాను. అప్పుడైనా నిజం చెబుదామనే బస్సెక్కాను. దుకాణంలో అడుగుపెడితే అందరూ ఉన్నారు. నా స్టూలు ఖాళీగా ఉంది. "రా ఫిట్టరన్నా, నీ చెయ్యి కోసమే ఆగినాం" అన్నాడు ల్యాబు అతను. అంతే, నా నోరు తిరగబడింది.

"పాత బోర్డు అంటగట్టినావు గదా భాయ్ నాకు!"

"కూచో అన్నా. నీళ్ళు తాగు ముందు."

"నీ నీళ్ళొద్దు. రెండు నెల్లు గూడా కాలేదు, పీనుగైంది."

ఆయన బోర్డును భూతద్దం దీపం కింద పెట్టాడు. చాలాసేపు చూశాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "అన్నా, ఎవురన్నా విప్పినారా దీన్ని?"

"ఎవురు విప్పుతారు? నా బిడ్డ మీద ఒట్టు, ఎవురూ ముట్టలేదు."

రాసుకుంటున్నావు కదమ్మా? రాయి. నీ మీదే ఒట్టు వేశాను.

ల్యాబు అతను మెడ చాచి అద్దంలో చూడబోయాడు. బోర్డులాయన ఆ గుంట మీద చప్పున మూత పెట్టేశాడు. "నాదే తప్పన్నా. అమ్మే ముందర సరిగా చూసుకోలేదు" అన్నాడు. నేను అక్కడితో ఆగి ఉండొచ్చు. ఆగలేదు. వీధిలోకి వినపడేటట్టు దొంగ అన్నాను. కొనడానికి వచ్చిన ఇద్దరు మెల్లగా బయటికి జారుకున్నారు.

ఆయన లేచి తన సొంత కంప్యూటరు విప్పాడు. మాకు అమ్మినదాని కంటే మేలైన బోర్డు అందులో ఉంది. ఏ కొత్త బోర్డు వచ్చినా దాని పక్కనే పెట్టి పోల్చేవాడు, మా మిల్లులో తూకపురాయిలాగా. దాన్ని ఊడదీసి, తువాలుతో తుడిచి, నా చేతికిచ్చాడు. తీసుకున్నాను. మా అమ్మాయి ఈరోజుకీ దాని మీదే పనిచేస్తోంది.

తర్వాత నేను పోలేదు. ఆయనే మా అమ్మాయికి ఫోను చేసేవాడు. "కొత్త బోర్డులు వచ్చినాయి పాపా, అన్నను రమ్మను, చెయ్యి పెట్టి చూడల్ల" అనేవాడు. మోకాళ్ళ నొప్పులని చెప్పమన్నాను. ఒకసారి ఆదోని బస్సులో ముందు సీటులో కనపడ్డాడు, ఒళ్ళో అట్టపెట్టె. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. నేను తర్వాతి స్టాపులో దిగిపోయి మిగతా దారి ఎండలో నడిచాను. మోకాళ్ళ నొప్పులు అప్పుడు వచ్చాయి, నిజంగానే.

పోయాడన్న కబురు విన్నాక వచ్చిన ఆదివారం దుకాణానికి వెళ్ళాను. షట్టరు సగం ఎత్తి ఉంది. సామాను సర్దిపెట్టమని ఇంటివాళ్ళు అడిగితే ఆ ఆదివారపు మనుషులే వచ్చి సర్దుతున్నారు. నా స్టూలు మీద అట్టపెట్టెలు ఉన్నాయి. ఒక కొత్త కుర్రాయన ల్యాబు అతన్ని అడుగుతున్నాడు: "భాయ్ కొన్నోళ్ళ చేతనే బోర్డు పెట్టె సీలు తీయించి, భూతద్దంలో చూడమని, ఫోటో గూడా తీసుకోమనేటోడు. ఎందుకు సార్ అట్లా?"

"మొదట్లో అట్లా లేదప్పా. తనే తీసి చూపిచ్చేటోడు, కొత్త పెళ్ళికొడుకు మాదిరి మెరిసేది మొహం. పోయినేడు ఒక ముసలాయన దొంగ అన్నాడు. ఆ దినం నుంచి సీలు మీద చెయ్యి వెయ్యలేదు." నేను వాకిట్లో నిలబడటం అప్పుడు చూశాడతను. నోరు మూసుకున్నాడు.

"ఆ ముసలోణ్ణి నేనే" అన్నాను. "బోర్డు చెడగొట్టింది గూడా నేనే. విప్పి, పీచు పెట్టి తుడిచినా. భాయ్ దొంగ కాదు. నేను అబద్ధం చెప్పినా."

ల్యాబు అతను చేతిలో ఉన్న పెట్టె కింద పెట్టాడు. 

"ఇప్పుడు చెప్తే ఆయనకు ఇనపడుతుందా పెద్దాయనా?" అన్నాడు ల్యాబు అతను. ఫిట్టరన్నా అనలేదు.

వినపడదు. ఆ మాట నాకు తెలుసు. నిలబడే ఉన్నాను. కాసేపటికి అతను లోపలికి పోయి ఒక అట్టపెట్టె తెచ్చాడు. దాని మీద పెద్ద తెలుగు అక్షరాలు, నాలాంటివాడు కూడా కూడబలుక్కోగలిగినట్టు రాసి ఉన్నాయి: ఫిట్టరన్న బోర్డు. అమ్మరాదు.

"ఖాళీగా ఉన్నపుడల్లా దీని ముందర కూచునేటోడు. ఇదేం పని భాయ్, నలుగురిలో నిజం చూపించాల్సింది గదా అంటే ఒకటే మాట. పిన్ను వంగితే సూది పెట్టి లేపొచ్చు సార్, అంత పెద్ద మనిషి తల నలుగురిలో వంగితే ఏం పెట్టి లేపల్ల అనేటోడు. చెడగొట్టింది మీరేనని మాకు తెలీదు. మీకు తెలీకుండా మీ ఇంట్లో ఎవురో విప్పినారేమో అనుకున్నాం."

పెట్టెలో నా నల్ల బోర్డు ఉంది. దాని పక్కన మందుబిళ్ళలిచ్చే చిన్న ప్లాస్టిక్ కవరు, అందులో గ్రీజు మరకతో చిటికెడు నూలుపీచు. మిల్లు పీచు ఎట్లా ఉంటుందో ఆదోనిలో పుట్టినవాడికి వేరే చెప్పాలా? మొదటిరోజే తెలుసు ఆయనకు. నేను బిడ్డ మీద ఒట్టు వేస్తుంటే ఆ పీచు ఆయన కళ్ళ ముందరే ఉంది.

బోర్డును ఇంటికి తెచ్చాను. భూతద్దం దీపం కూడా ఇచ్చారు. మా అమ్మాయికి అంతా చెప్పాను.  అది లోపలికి పోయి, ఆయనిచ్చిన బోర్డు ఉన్న కంప్యూటరు ముందు చాలాసేపు కూర్చుంది. నాతో మాట్లాడటానికి మూడు రోజులు పట్టింది. తర్వాత తనే వచ్చి దీపం వెలిగించి, "చూడు నాయనా" అంది.

అద్దంలో వరుసల మీద వరుసలు, సన్నని బంగారు సూదులు. అన్నీ ఒకే వైపుకు, ఒకే వాలుతో నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ ఆయన సూదిమొనతో లేపి నిలబెట్టాడు. ఆఖరి వరుసకు వచ్చేసరికి సగం దాకా నిలబడ్డాయి. అక్కడి నుంచి మూల దాకా ఇంకా పడుకునే ఉన్నాయి, నా చెయ్యి లాగిన వైపుకు.